కంట్రోల్ ఎలుకలకే బీపీ: మా ల్యాబ్‌లో ఏడాదిన్నర నలిగిన కేసు

నేను నెల్లూరు దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెబుతాను. యానిమల్ హౌస్ బాధ్యత కూడా నా నెత్తినే ఉంది కాబట్టి పిల్లలతో గడిపినంత సమయం ఎలుకలతోనూ గడుస్తుంది. బీపీకీ జన్యువులకీ ఉన్న సంబంధం ఎలుకల్లో చూద్దామని మొదలుపెట్టి, మంచి ఫలితం వచ్చేసిందని సంబరపడి, తర్వాత అది ఎందుకు చెల్లదో మేమే తేల్చుకున్న కేసు ఇది. పేపర్‌గా అచ్చయ్యే సరుకు కాదు. కానీ ఇదే పని మొదలుపెట్టబోయేవాళ్ళకి అచ్చయిన పేపర్ల కంటే ఇదే ఎక్కువ పనికొస్తుందని నా అనుమానం.

ఎం.ఫార్మ్ రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె, కందుకూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేది, అక్టోబరులో నా దగ్గరికి వచ్చి "సార్, అందరిలాగా ఏదో ఒక ఆకు రసం తాగించి బీపీ తగ్గిందని రాయడం నాకిష్టం లేదు. అసలు ఎందుకొస్తుందో చూద్దాం" అంది. ఇలాంటి మాట వినడమే అపురూపం మాకు. సరే అన్నాను. మాకున్న వసతులు ఏమిటంటే ఒక ఏసీ గది, తోకకి పట్టీ కట్టి బీపీ చూసే మెషిన్ ఒకటి, పక్క డిపార్ట్‌మెంటులో డీఎన్ఏ ముక్కకి లక్షల ప్రతులు తీసే పీసీఆర్ మెషిన్ ఒకటి, ఇంకా ఇస్కపల్లి నుంచి వచ్చే మా అటెండర్ పెద్దాయన. చివరిదే అన్నిటికంటే విలువైనదని తర్వాత తెలిసింది.

ఎలుకలు రెండు రకాలు. మొదటిది ఎస్‌హెచ్‌ఆర్, అంటే ఉప్పు పెట్టకుండా, మందు ఇవ్వకుండా, ఆపరేషన్ చేయకుండా దానంతట దానికే బీపీ వచ్చే జాతి. దీన్ని జపాన్‌లోని క్యోటోలో ఒకమోటో, అవోకి అనే ఇద్దరు తయారుచేసి 1963లో ప్రకటించారు. వాళ్ళు చేసింది మన వైపు రైతులకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒంగోలు గిత్తలో మూపురం, గంగడోలు, నడక చూసి ఎంచుకున్నట్టే వాళ్ళు విస్టార్ అనే మామూలు ల్యాబ్ ఎలుకల్లో బీపీ ఎక్కువున్న మగదాన్నీ, కొంచెం ఎక్కువున్న ఆడదాన్నీ ఎంచుకుని జత కట్టించి, పుట్టినవాటిలో మళ్ళీ ఎక్కువున్నవాటినే ఎంచుకుంటూ పోయారు. తేడా ఒక్కటే. మన రైతు దగ్గరి రక్తంలో జత కట్టించడానికి ఒప్పుకోడు, వాళ్ళు కావాలనే అన్నాచెల్లెళ్ళని జత కట్టించారు. ఇరవై తరాలు అలా పోతే ఆ జాతిలో ప్రతి ఎలుకా, మగా ఆడా తేడా తప్ప, దాదాపు ఒకే జన్యువుల అచ్చు. నాలుగైదు వారాల వయసు నుంచి బీపీ పెరగడం మొదలై, మూడు నెలలు వచ్చేసరికి పై బీపీ 180 దాటుతుంది.

రెండో రకం పోల్చుకోవడానికి తెచ్చేది, విస్టార్ క్యోటో. అదే క్యోటో విస్టార్ మందలోంచి వచ్చిన, బీపీ లేని ఎలుక. అందరూ దీన్నే కంట్రోల్‌గా వాడతారు, మేమూ వాడాం. మా కష్టాలన్నీ ఇక్కడే మొదలయ్యాయి.

డిసెంబరులో ఎస్‌హెచ్‌ఆర్ మగవి ఎనిమిది, విస్టార్ క్యోటో మగవి ఎనిమిది, పది వారాల వయసువి, రాత్రంతా వ్యాన్‌లో ప్రయాణం చేసి పొద్దున్నే దిగాయి. రెండు వారాలు వదిలేశాం. కింద పరుపుగా వరి ఊక, ఆటోక్లేవ్‌లో ఆవిరి పట్టి తీసింది. నెల్లూరులో ఊకకి మాత్రం కరువేముంది. జనవరి మొదటి వారంలో ఆ అమ్మాయి ఒక్కరోజులో పదహారింటికీ బీపీ చూసేసి రిజిస్టర్ తెచ్చి చూపించింది. ఎస్‌హెచ్‌ఆర్ సగటు 186. బాగుంది. విస్టార్ క్యోటో సగటు 158. ఉండాల్సింది 120, 130 మధ్య.

బీపీ చూడటం దగ్గర నిలబడితే సగం విషయం అర్థమవుతుందని మర్నాడు నేనే వెళ్ళి కూర్చున్నాను. ఎలుకని ప్లాస్టిక్ గొట్టంలోకి దూర్చాలి, అది కదలకుండా వెనక మూత బిగించాలి, తోక మాత్రం బయట ఉంటుంది. తోకకి రక్తం బాగా రావాలంటే వెచ్చబెట్టాలి, లేకపోతే నాడి అందదు. తోక మొదట్లో చిన్న పట్టీ, దాని వెనక నాడి పసిగట్టే సెన్సర్. పట్టీలో గాలి నింపితే నాడి ఆగిపోతుంది, నెమ్మదిగా వదిలితే ఎక్కడ తిరిగి కొట్టుకుంటుందో అదే పై బీపీ. సూత్రంలో మన చేతికి కట్టి చూసేదే. ఎలుక గుండె నిమిషానికి మూడు నాలుగు వందల సార్లు కొట్టుకుంటుందన్నదొక్కటే తేడా. ఆ అమ్మాయి మెడ పట్టుకుని ఎలుకని గొట్టంలోకి నెట్టేటప్పుడు అది నాలుగు కాళ్ళూ బయటి అంచుకి బిగబట్టి, కీచుమని, గొట్టంలోనే మూత్రం పోసుకుంది. పక్కన జనరేటర్ ఆన్ అయినప్పుడు తెరమీద గీతలు ఎగిరిపడ్డాయి. మనల్నే అలా దూర్చి బీపీ చూస్తే ఎంత వస్తుంది? అదే వచ్చింది.

మా పెద్దాయన వెనక నిలబడి చూసి "ఏందమ్మా ఆ తొయ్యడం? దానంతట అది పోద్ది, ఆగు" అన్నాడు. గొట్టాన్ని కేజ్‌లోనే పడుకోబెట్టి చేయి తీసేశాడు. రెండు నిమిషాల్లో ఎలుక దానంతట అదే వాసన చూసుకుంటూ లోపలికి పోయింది. ఎలుకకి కన్నం కనిపిస్తే దూరకుండా ఉండలేదు కదా. అప్పట్నుంచి వారం రోజుల పాటు రీడింగ్ తీసుకోకుండా, రోజూ అదే సమయానికి, అదే మనిషి, అదే గొట్టం, మొదటి రోజు ఐదు నిమిషాలు, తర్వాత పది, తర్వాత పట్టీ కట్టి ఊరికే గాలి కొట్టడం, ఇలా అలవాటు చేశాం. ఒక్కో ఎలుకకి రోజుకి ఎనిమిది పది రీడింగులు తీసుకుని మొదటి రెండూ వదిలేయడం మొదలుపెట్టాం. ఒంట్లో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, ఎలుకని ముట్టుకోకుండానే ఇరవైనాలుగు గంటలూ బీపీ చూసే టెలిమెట్రీ పద్ధతి ఉంది, అదే అసలైన పద్ధతి. దాని ఖరీదు అడిగి ఫోన్ పెట్టేశాం.

అలవాటయ్యాక ఎస్‌హెచ్‌ఆర్ సగటు పెద్దగా మారలేదు, 181. విస్టార్ క్యోటో 158 నుంచి 139కి దిగింది. దిగింది గానీ సరిపోలేదు.

ఇక్కడ మా అందరి బుర్రలోకీ వచ్చిన మొదటి ఆలోచన నీళ్ళు. ఆ నెలలో ఆర్వో ప్లాంటు పాడైంది, బాటిళ్ళలో బోరు నీళ్ళు పోశారు. మా బోరు నీళ్ళ సంగతి టీ తాగితేనే తెలుస్తుంది, సముద్రం అంత దూరమేం కాదు మాకు. ఉప్పుకీ బీపీకీ జన్యువులకీ ఉన్న సంబంధం కూడా ఎలుకల్లోనే తేలింది మరి. న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో లూయిస్ డాల్ అనే ఆయన 1960ల మొదట్లో స్ప్రేగ్ డాలీ ఎలుకలకి నూటికి ఎనిమిది పాళ్ళు ఉప్పు కలిపిన మేత పెట్టాడు. కొన్నిటికి బీపీ విపరీతంగా పెరిగింది, కొన్ని చలించలేదు. పెరిగినవాటిని పెరిగినవాటితో, చలించనివాటిని చలించనివాటితో జత కట్టిస్తూ పోతే కొద్ది తరాల్లోనే ఉప్పుకి తట్టుకోలేని జాతి ఒకటి, తట్టుకునే జాతి ఒకటి వేరుపడ్డాయి. తర్వాత 1970ల్లో ఆయన బృందమే ఈ జాతి కిడ్నీ ఆ జాతికి, ఆ జాతి కిడ్నీ ఈ జాతికి మార్చి చూసింది. బీపీ కిడ్నీ వెంట పోయింది. నాకు ఈ రంగంలో ఇప్పటికీ అన్నిటికంటే నచ్చే ప్రయోగం అదే, ఒక్క జన్యువు పేరు కూడా తెలియకుండా అంత మాట తేల్చి చెప్పారు.

ఇది చెబుతుంటే మా పెద్దాయన "మా నాయన ఇస్కపల్లి ఉప్పు మడుల్లో చేసినోడే సార్. ఆయనకి బీపీ, మా చిన్నాయనకి బీపీ, నాకూ ఉందంటారు. మేం కూడా ఆ తట్టుకోలేని జాతేనా?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాం. ఆ మాట సంగతి తర్వాత వస్తుంది.

నీళ్ళు దోషి కాదని మాత్రం రెండు లెక్కలతో తేలిపోయింది. ఒకటి, మీటర్ పెట్టి చూస్తే మా బోరు నీళ్ళలో అన్ని లవణాలూ కలిపి లీటరుకి 1,900 మిల్లీగ్రాములు. బీపీ పెంచడానికి ప్రయోగాల్లో తాగించేది ఒక శాతం ఉప్పు నీళ్ళు, అంటే లీటరుకి పది వేలు. రెండు, నీళ్ళు అన్ని కేజ్‌లకీ ఒకటే, వాటి వల్లే అయితే అన్నిటికీ పెరగాలి. ఈ రెండో విషయం ఎలా తట్టిందంటే, అప్పటిదాకా మేం సగటు మాత్రమే చూస్తున్నాం, ఒక్కో ఎలుక అంకె విడిగా చూడలేదు. చూస్తే ఎనిమిదిలో ఐదు 125, 130 మధ్యలో, ముచ్చటగా ఉన్నాయి. మూడు మాత్రం 155, 160 మధ్యలో ఉన్నాయి. మధ్యలో ఎవరూ లేరు. సగటు 139 అన్నాం గానీ 139 ఉన్న ఎలుక ఒక్కటీ లేదు.

కేజ్‌ల స్థానాలు మార్చి చూశాం, జనరేటర్ వైపున్నవి గోడ వైపుకి పెట్టి. ఆ మూడూ మారలేదు. చివరికి కేజ్ కార్డులు ముందేసుకుని కూర్చుంటే దొరికింది. ఆర్డర్ పెట్టినప్పుడు సప్లయర్ దగ్గర ఐదే ఉన్నాయి, మిగిలిన మూడూ వేరే పెంపకం కేంద్రం నుంచి తెప్పించి అదే వ్యాన్‌లో పంపారు. బిల్లులో బ్యాచ్ నంబర్లు రెండున్నాయి. మేం చూసుకోలేదు. కార్డు మీద పేరు మాత్రం రెండిటికీ విస్టార్ క్యోటోయే.

పేరు ఒకటే అయినా ఎలుక ఒకటి కానక్కర్లేదు, ఈ జాతి విషయంలో మరీనూ. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌కి ఎస్‌హెచ్‌ఆర్ 1966లో క్యోటో నుంచి వచ్చింది, అప్పటికే పదమూడు తరాలు అన్నాచెల్లెళ్ళ జతతో నడిచిన జాతి. దాని జోడీగా విస్టార్ క్యోటో 1971లో వచ్చింది, అది మామూలు కలగలుపు మంద. అక్కడ దాన్నీ అన్నాచెల్లెళ్ళ జతతో నడపడం మొదలుపెట్టి పూర్తికాకముందే సప్లయర్లకీ యూనివర్సిటీలకీ పంచారు. ఎవరికి వాళ్ళు తమ దగ్గర పెంచుకుంటూ పోయేసరికి ఒక్కో కేంద్రంలో ఒక్కో రకం జన్యువులు స్థిరపడ్డాయి. 1987లో కర్ట్జ్, మోరిస్ అనేవాళ్ళు వేరువేరు చోట్ల నుంచి తెప్పించిన విస్టార్ క్యోటో ఎలుకల్ని పక్కపక్కన పెట్టి చూస్తే బరువులోనూ బీపీలోనూ తేడాలు కనిపించాయి. నేను ఆ పేపర్ చదివాను, పరీక్షకి ప్రశ్నగా కూడా ఇచ్చాను. అయినా బిల్లు చూసుకోలేదు.

కానీ ఆ అమ్మాయి ఈలోపు పీసీఆర్ కూడా చేసేసింది. మత్తులో ఉంచి తోక చివర రెండు మిల్లీమీటర్లు తీసుకుని, డీఎన్ఏ తీసి, బీపీకి సంబంధముందని పుస్తకాల్లో చెప్పే ఒక జన్యువు పక్కనున్న మార్కర్, అంటే జాతిని బట్టి పొడుగు మారే డీఎన్ఏ గుర్తు, చూసింది. డీఎన్ఏ ముక్కల్ని పొడుగుని బట్టి చారలుగా విడదీసే జెల్ మీద ఎస్‌హెచ్‌ఆర్ ఎనిమిదింటికీ పొడుగు బ్యాండ్. విస్టార్ క్యోటోలో ఐదింటికి పొట్టి బ్యాండ్. బీపీ ఎక్కువున్న ఆ మూడింటికీ పొడుగు బ్యాండ్! పరుగెత్తుకుంటూ వచ్చింది పిల్ల, చేతిలో జెల్ ఫోటో, ఇంకా తడి గ్లౌజులతోనే. "సార్, పదకొండుకి పదకొండు, ఐదుకి ఐదు. ఒక్కటి కూడా తప్పలేదు" అంది. నిజం చెప్పాలంటే నాకూ ఒక నిమిషం గుండె ఝల్లుమంది. రెండో నిమిషంలో బిల్లు గుర్తొచ్చింది.

ఆ మూడూ వేరే కుటుంబం. వేరే కుటుంబం అంటే బీపీ ఒక్కటే తేడా కాదు, కొన్ని వేల చోట్ల డీఎన్ఏ తేడా, పెరిగిన గది తేడా, తాగిన తల్లిపాలు తేడా. కుటుంబంతో పాటు మారే ఏ విషయం తీసుకున్నా అది బీపీతో పదహారుకి పదహారు సరిపోతుంది. ఆ లెక్కన సప్లయర్ బిల్లు మీది బ్యాచ్ నంబరు కూడా బీపీ జన్యువే అని ఆ అమ్మాయితో అన్నాను. మొహం చిన్నబోయింది పాపం. ఎస్‌హెచ్‌ఆర్ ఇంకో రకంగానూ ప్రత్యేకం, అది కుదురుగా ఉండదు, అందుకే దాన్ని పిల్లల్లో ఏకాగ్రత లోపం చదవడానికి కూడా వాడతారు. బీపీ కోసం ఎంచుకుంటూ పోయినప్పుడు ఆ గుణం కూడా వెంట వచ్చి అలా స్థిరపడిపోయింది. ఒంగోలు గిత్త తెల్లగా ఉంటుంది, బలంగా ఉంటుంది, అలాగని తెలుపులోంచే బలం వస్తుందని ఏ రైతూ అనడు.

ఇందులో మనకంటే పెద్దవాళ్ళు కూడా తడబడి లేచారు. 1999లో ఎస్‌హెచ్‌ఆర్‌లో సీడీ36 అనే జన్యువు పాడైపోయి ఉందని లండన్ బృందం చూపించింది, కొవ్వు, చక్కెర వాడకంలో తేడాకి అదే కారణమని. గొప్ప పని. అదే ఏడాది ఇంకో పేపర్ వచ్చింది. జపాన్‌లో ఉన్న అసలు ఎస్‌హెచ్‌ఆర్‌లో ఆ జన్యువు బాగానే ఉంది, బీపీ మాత్రం ఉంది! అంటే ఆ లోపం లేకుండానే ఆ జాతికి బీపీ వచ్చింది. కథ అక్కడితో ఆగలేదు, 2008లో ప్రవెనెక్ బృందం కిడ్నీలో సీడీ36 తగ్గితే బీపీ పెరుగుతుందని కిడ్నీ మార్పిడులతోనే మళ్ళీ చూపించింది. అది బీపీకి ఒక కారణం అన్నమాట, ఏకైక కారణం కాదు. ఇంత మెలిక ఉన్న చోట మా పదహారు ఎలుకలు ఏ మూలకి?

అయితే మరి ఎలా తేలాలి? రెండు జాతుల్నీ కలిపి చూడటమొక్కటే దారి. ఎస్‌హెచ్‌ఆర్‌కీ విస్టార్ క్యోటోకీ పుట్టిన మొదటి తరం, అంటే ఎఫ్1, అన్నీ ఒకేలా ఉంటాయి, ప్రతి జన్యువూ ఇటొకటి అటొకటి. వాటిలో వాటికి జత కట్టిస్తే వచ్చే ఎఫ్2లో పేకముక్కలు కలిపినట్టు జన్యువులు కలిసిపోయి విడిపోతాయి. అప్పుడు బీపీ ఎక్కువున్న ఎలుకల్లో పొడుగు బ్యాండ్ ఎక్కువగా కనిపిస్తే ఆ చుట్టుపక్కల ఏదో ఉన్నట్టు. కనిపించకపోతే మొదట చూసిన సంబంధం ఊరికే కుటుంబ సామ్యం. 1989లో రాప్ బృందం డాల్ ఎలుకల ఎఫ్2లో బీపీని నడిపించే రెనిన్ అనే పదార్థం జన్యువుని ఇలాగే పట్టుకుంది, ఉప్పు పడని జాతి నుంచి వచ్చిన ఒక్కో ప్రతికీ బీపీ సుమారు పది చొప్పున పెరిగింది. 1991లో పక్షవాతం వచ్చే ఎస్‌హెచ్‌ఆర్ రకం ఎఫ్2లో రెండు బృందాలు పదో క్రోమోజోమ్ మీద, ఏసీఈ జన్యువున్న ప్రాంతంలో ఒక చోటు చూపించాయి. మనం రోజూ చూసే ఎనలాప్రిల్, రామిప్రిల్ అనే బీపీ మాత్రలు పనిచేసేది ఆ ఏసీఈ మీదే కాబట్టి అప్పట్లో చాలా హడావుడి జరిగింది. మరుసటి ఏడే మనుషుల్లో వెతికితే ఆ చోటుకీ మామూలు బీపీకీ లంకె కనబడలేదు. ఎలుకలో దొరికిన చోటు నిజమే, మనిషిలో అదే చోటు ఉండాలని రూలేమీ లేదు.

ఆ అమ్మాయికి థీసిస్ ఇచ్చే గడువు ఆగస్టు. ఎఫ్2 అంటే కడుపుతో మూడు వారాలు, పిల్లలు ఈడుకి రావడానికి పది పదకొండు వారాలు, మళ్ళీ మూడు వారాలు, ఆపైన బీపీ చూడగలిగే వయసు పద్నాలుగు వారాలు. పెంపకానికి ఎథిక్స్ కమిటీ అనుమతి మళ్ళీ కొత్తగా తెచ్చుకోవాలి, ఎన్ని పుడతాయో, ఎన్ని వాడతామో, ఆడవాటిని ఏం చేస్తామో అన్నీ రాసి. ఆమెకి కుదరదని తెలిసి కూడా ఎఫ్1 జతలు కట్టడం వరకూ తనే చేసింది. తన థీసిస్‌లో ఆ జెల్ ఫోటో పెట్టి, కింద ఈ పోలిక చెల్లదనీ ఎందుకు చెల్లదో కూడా నాలుగు పేజీలు రాసింది. వైవాలో ఎగ్జామినర్ "అయితే రిజల్ట్ ఏమిటమ్మా?" అని అడిగితే "రెండు బ్యాచ్‌లు కలిశాయని కనిపెట్టడమే సార్" అంది. ఆయన నవ్వలేదు, మార్కులు మాత్రం బాగానే వేశాడు.

మిగతా పని జూనియర్ కుర్రాడు అందుకున్నాడు. బీపీ తక్కువున్న బ్యాచ్ కేంద్రం నుంచే ఆడ విస్టార్ క్యోటోలు తెప్పించాం, మగవి మా ఎస్‌హెచ్‌ఆర్. ఎఫ్1 నుంచి ఐదు జతలు. ఎఫ్2 మగవి చివరికి 41 చేతికొచ్చాయి. ఈసారి రెండు పనులు మాత్రం పట్టుబట్టి చేయించాను. మొదటిది, జన్యువు తేలకముందే బీపీ చూడటం. తోక ముక్కలన్నీ ఫ్రీజర్‌లో ఉండిపోయాయి, బీపీ రిజిస్టర్ మూసి సంతకం పెట్టాకే డీఎన్ఏ తీశాం. రెండోది, మేత. మొదటి నుంచి చివరి దాకా ఒకే కంపెనీ, ఒకే రకం పెల్లెట్. డాల్ ఉప్పు జాతిలోనే కేసీన్ అనే పాల ప్రోటీన్‌తో చేసిన మేతకీ ధాన్యంతో చేసిన మేతకీ బీపీలో, కిడ్నీ దెబ్బతినడంలో పెద్ద తేడా ఉందని అమెరికాలో మిల్వాకీ ల్యాబ్‌వాళ్ళు చూపించారు, ఉప్పు సమానంగా పెట్టినా సరే. జన్యువుల పని అనుకుని మేత మార్పుని కొలిచేవాళ్ళు ఎంతమంది ఉంటారో.

చివరి కాన్పుల వంతు వచ్చేసరికి మే నెల. రోహిణి కార్తెలో రెండు రోజులు ఏసీ ఆగిపోయింది, గది 22 డిగ్రీల నుంచి 34కి పోయింది. మా పెద్దాయన తడి గోనెపట్టాలు కట్టి, రాత్రంతా టేబుల్ ఫ్యాన్లు పెట్టి ఎలుకల్ని కాపాడాడు. ఆ వారం రీడింగులు మొత్తం కొట్టేసి, పది రోజులాగి మళ్ళీ తీసుకున్నాం. కుర్రాడికి బాధ వేసింది గానీ ఆ అంకెలు ఉంచుకుని ఏం చేసుకుంటాం.

ఫలితం ఒక్క వాక్యం. పొడుగు బ్యాండ్ రెండు ప్రతులున్నవి 10, ఒకటీ ఒకటీ ఉన్నవి 21, పొట్టివి రెండున్నవి 10, సగటు బీపీలు వరసగా 152, 155, 150. విడివిడిగా చూస్తే 126 నుంచి 188 దాకా పరుచుకుని ఉన్నాయి. అంటే బీపీ జన్యువులు ఎఫ్2లో కలిసి విడిపోయాయి, కాకపోతే మా మార్కర్ వెంట పోలేదు. ఏడాది కిందట పదహారుకి పదహారు సరిపోయిన బ్యాండ్ ఇదే.

ఆ జన్యువు పేరు నేను రాయడం లేదు, కావాలనే. 41 ఎలుకల లెక్కతో పది పాయింట్ల పెద్ద ప్రభావం ఉంటే కనబడేది, మూడు నాలుగు పాయింట్ల ప్రభావం కనబడదు. కాబట్టి దానికి నిర్దోషి అని సర్టిఫికెట్ నేనివ్వలేను. ఇంకో లోపం కూడా మాదే. ఎస్‌హెచ్‌ఆర్‌ని తండ్రి వైపు మాత్రమే పెట్టి జత కట్టించాం కాబట్టి మా ఎఫ్2 మగవాటన్నిటికీ ఎస్‌హెచ్‌ఆర్ వై క్రోమోజోమే వచ్చింది. ఆ వై క్రోమోజోమ్‌కి కూడా బీపీలో పాత్ర ఉందని 1990లోనే చూపించారు. అటూ ఇటూ రెండు వైపులా కట్టించి ఉండాల్సింది. కేజ్‌లు సరిపోలేదని ఊరుకున్నాను, ఊరుకోకుండా ఉండాల్సింది. నిజంగా ఒక చోటు దొరికితే ఆ ముక్కని మాత్రమే ఒక జాతి నుంచి ఇంకో జాతిలోకి ఎనిమిది పది తరాలు వెనక్కి జత కట్టిస్తూ ఎక్కించాలి, దాన్ని కాన్జెనిక్ అంటారు. అది నా సర్వీసులో అయ్యే పని కాదు.

ఇక మా పెద్దాయన. ఈ రెండో విడత పని అయ్యాక ఒకరోజు డిపార్ట్‌మెంట్‌లో ఉన్న మనుషుల బీపీ మెషిన్ తీసి రమ్మన్నాను. పట్టీ కట్టబోతే చేయి వెనక్కి లాక్కున్నాడు. "ఎలకలకేమో వారం రోజులు అలవాటు చేసి చూస్తిరి. నన్ను మాత్రం రాగానే కట్టి చూస్తారా సార్?" అన్నాడు. ఏం చెప్పను? ఐదు రోజులు, రోజూ పొద్దున పది గంటలకి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, మొదటి రీడింగ్ వదిలేసి చూశాం. మొదటి రోజు 172 వచ్చింది, ఐదో రోజుకి 154, కింద 96. డాక్టర్ దగ్గరికి పంపాను, మాత్ర మొదలుపెట్టారు, ఎండుచేపలు తగ్గించమన్నారట. ఆయన తగ్గించానంటాడు, వాళ్ళావిడ లేదంటుంది.

మేం కూడా ఆ జాతేనా అని రెండేళ్ళ కిందట అడిగిన మాట మళ్ళీ అడిగాడు, ఈసారి కేజ్ కార్డుల భాషలో. "నాకుంది, మా ఇంటామెకి లేదు. అంటే మావోడు ఎఫ్1 కదా సార్?" మనుషులు అన్నాచెల్లెళ్ళ జత మీద తయారైన జాతులు కారని, కాబట్టి మీవాడు ఏ ఎఫ్‌లోకీ రాడని చెప్పాను. 2018లో పది లక్షల మంది పైన చేసిన లెక్కకి బీపీతో సంబంధమున్న చోట్లు 901 తేలాయని, ఒక్కొక్కటీ చేసేది ఇసుమంతేనని కూడా చెప్పాను. తొమ్మిది వందలు విని కాస్త ఆలోచించి, "అయితే వాడిక్కూడా పట్టీ కట్టి చూడటమే మేలు" అన్నాడు. సోమవారం తీసుకురమ్మన్నాను. సోమవారం కొడుకుతో పాటు తమ్ముణ్ణీ, తమ్ముడి ఇద్దరు కొడుకుల్నీ కూడా తోలుకొచ్చి వరండాలో బెంచీ మీద వరసగా కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకండి అని తనే చెబుతున్నాడు.